మూడో నంబరు పోస్టులో గుర్రప్పిల్ల

చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సు దిగేసరికి వాన మొదలైంది. ఎనభైల మొదట్లో ఒక జులై నెల, పొద్దున తొమ్మిది గంటలు. సామాను ఒక ట్రంకు పెట్టె, చుట్టకట్టిన పరుపు, రెయిన్‌కోటు, రెండు జతల బూట్లు. జీపు పంపుతామన్నారు. చాలాసేపు చూశాను, రాలేదు. పెట్టె భుజానికెత్తుకుని నడక మొదలుపెట్టాను. సైన్యంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. వాహనం వస్తుందన్నారంటే నడవాలని అర్థం.

సున్నపురాయి లారీలు తొక్కిన దారి. ఎండాకాలం తెల్లటి దుమ్ము, వానాకాలం తెల్లటి బురద. రెండు పక్కలా తుమ్మలు, రేగు పొదలు, మధ్యమధ్య పత్తి చేలు. పైన అడుగు మందాన మట్టి, కింద అంతా రాయి. గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి.

నేను సైన్యంలో పదిహేనేళ్ళు చేశాను. యుద్ధం గురించి చెప్పమని మా ఊళ్ళో చాలామంది అడుగుతారు. నేను చేసింది కంచరగాడిదల దళంలో. కొండల మీది పోస్టులకి బియ్యం, కిరసనాయిలు, తూటాలు మోయించాను. నేను చూసిన యుద్ధంలో ఎక్కువ భాగం కంచరగాడిద తోక వెనక నుంచి చూసిందే. పింఛను తీసుకుని నందిగామ దగ్గర మా ఊరికి వచ్చాక, అన్నయ్య ఇంట్లో ఊరికే కూర్చుని తినడం ఆర్నెల్లకే కష్టమైంది. వదిన ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఇంకా కష్టంగా ఉండేది. అప్పుడే జగ్గయ్యపేట దగ్గర కొత్తగా కడుతున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు, క్వారీ కాపలాకి మాజీ సైనికుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. రాశాను, రమ్మన్నారు. ఖాకీ యూనిఫాం, పోస్టులకి నంబర్లు, సెల్యూట్లు, డ్యూటీ గంటలు, అన్నీ సైన్యంలో లాగే. నా లెక్కలో అది కూడా ఒక పోస్టింగే.

నన్ను మూడో నంబరు పోస్టుకి వేశారు. నాపరాళ్ళు పేర్చి, పైన రేకులు కప్పిన గది. రెండు నవారు మంచాలు, ఒక స్టవ్వు, గోడకి హ్యాండిల్ తిప్పే ఫోను. ఆ ఫోను తిప్పితే మెయిన్ గేటు, ఆఫీసు, మిగతా పోస్టులు అన్నీ ఒకేసారి మోగుతాయి. ఎవరు ఎవరితో మాట్లాడినా అందరూ వింటారు. మధ్యాహ్నం ఒంటిగంటకి సైరను. సైరను తర్వాత పదో నిమిషంలో క్వారీలో పేలుడు. రేకుల మీద చిన్న రాళ్ళు పడేవి. మొదటి రోజు నేను మంచం కిందకి దూరాను, అలవాటు కొద్దీ.

పోస్టు ఇన్‌ఛార్జి హవల్దారు గారు. జి.కొండూరు వైపు రైతు కుటుంబం. సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసి కుడి చెవి పోగొట్టుకున్నారు. ఎడమ చెవి వైపు నిలబడి మాట్లాడాలి. నేను సెల్యూట్ చేస్తే ఆయన పైనుంచి కిందదాకా చూశారు.

"గాడిదల మనిషివి నువ్వేనా?"

"కంచరగాడిదలండి."

"ఏదో ఒకటిలే. రా, నీ డ్యూటీ చూపిస్తా."

గది వెనక, నాపరాళ్ళు నిలువునా పాతి చేసిన దొడ్డి ఉంది. అందులో ఒక గుర్రప్పిల్ల. ఏడాదిన్నర వయసు, ఎర్ర రంగు, మగది. నుదుటి మీద తెల్లటి మచ్చ. వెనక ఎడమ కాలు నేలకి ఆనించకుండా, మేం వచ్చిన వైపే చూస్తూ నిలబడింది. గిట్ట పైన తాడు కోసుకుపోయిన గాయం. చుట్టూ వాచి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

"ఏం చేశారండీ దీన్ని?" అన్నాను.

హవల్దారు గారు తల గోక్కున్నారు. "వారంలో హాల్టరు వేయటం అలవాటు చెయ్యమన్నారు మేజరు గారు. పోస్టుకొకళ్ళం చొప్పున నలుగురం కలిశాం, నలుగురం రైతులమే. ఎద్దుకి నాడాలు కొట్టేటప్పుడు ఏం చేస్తాం? కాళ్ళకి తాడేసి పడేస్తాం. మెడ మీద ఒకడు కూచుంటాడు. పనైపోద్ది. ఎద్దు లేచి దులుపుకుని మేతకెళ్ళిపోద్ది."

"మరి ఇది?"

"ఇదీ లేచిందయ్యా. లేచి నన్ను గోడకేసి కొట్టి, కాలికున్న తాడు తెంపుకుంది. అప్పట్నించీ తాడు కనపడితే చాలు, ఈ దొడ్డిలో నాలుగు మూలలా నాలుగు గుర్రాలున్నట్టే ఉంటది."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మా వైపు రైతు తప్ప మరొకడు చేయని పని అది. గిట్టలున్న ప్రతిదీ మాకు ఎద్దే. ఎద్దుని పడేస్తే ఓర్చుకుంటుంది. గుర్రానికి ఉన్న ఆసరా అంతా కాళ్ళే. వాటిని కట్టి పడేస్తే, తనని ఎవరో తినబోతున్నారనే అనుకుంటుంది. అలా ఒకసారి అనుకున్నాక నాలుగు గుప్పెళ్ళ దాణా వేసి దాన్ని మరిపించలేం.

కాపలా అంతటికీ పై అధికారి మేజరు గారు ఆ సాయంత్రం జీపులో వచ్చారు. ఆయనది మైసూరు వైపు. ఇంగ్లీషులో ఆలోచించుకుని తెలుగులో చెప్పేవారు. ఒకప్పుడు గుర్రపు దళం, తర్వాత ట్యాంకులు. క్వారీ సరిహద్దు పొడవునా గోతులే, జీపు పోదు. గుర్రం మీద గస్తీ తిరిగితే కంచె తీగ దొంగల్ని పట్టుకోవచ్చని ఆయన ఆలోచన. జగ్గయ్యపేటలో ఒక శెట్టి గారి దగ్గర ఈ పిల్ల ఉందని తెలిసి అడిగి తెచ్చారు. పెరిగాక ఎక్కవచ్చు, ముందు తాడుతో నడిస్తే చాలన్నారు.

దొడ్డి బయట నిలబడి కాలిని చాలాసేపు చూశారు.

"శుక్రవారం నందిగామ నుంచి పశువుల డాక్టరు వస్తాడు. ధనుర్వాతం రాకుండా సూది వేయాలి, పుండు కడగాలి. నిలబెట్టి పట్టుకుంటేనే ముట్టుకుంటానన్నాడు. మళ్ళీ పడేస్తే ఆ కాలు మిగలదు. నీకు శుక్రవారం వరకు టైం."

"పట్టుకోలేకపోతే సార్?"

"నా తుపాకీ ఉంది. దవడలు బిగుసుకుపోయి చావనివ్వను."

ఆ రోజు శనివారం. గాయపడిన జంతువుని కాల్చడం కొండల మీద నేను రెండుసార్లు దగ్గరుండి చూశాను. రెండోసారి తాడు పట్టుకున్నది నేనే. మూడోసారి చూడదలుచుకోలేదు. అందుకు మించిన కారణం ఏదీ అప్పుడు లేదు.

హాల్టర్ గురించి తెలియనివాళ్ళకి చెబుతాను. అది కళ్ళెం కాదు. కళ్ళేనికి నోట్లో ఇనుము ఉంటుంది. ముకుతాడుకి ముక్కులో రంధ్రం ఉంటుంది. హాల్టర్‌కి ఇవేవీ ఉండవు. చెవుల వెనక ఒక పట్టీ, ముక్కు మీద ఒక పట్టీ, గడ్డం కింద తాడు. జంతువు ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది. ఒప్పుకోకపోతే నలుగురు మగాళ్ళు వేలాడినా ఆగదు.

ఆదివారం పొద్దున మొదటి పని, దొడ్డి చుట్టుపక్కల తాడన్నది కనపడకుండా తీసేయడం. బట్టలారేసే దండెం కూడా విప్పేశాను. తర్వాత ఉలవ గుగ్గిళ్ళ గిన్నె పట్టుకుని లోపలికెళ్ళి, బకెట్టు బోర్లించి, దాని మీద గుర్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. వాన పడుతూనే ఉంది. రెయిన్‌కోటు చప్పుడుకి అది బెదురుతోందని ఆ కోటు కూడా తీసేశాను. ఫోను మోగింది. ఒకటో నంబరు పోస్టు వాడు అరుస్తున్నాడు. గొంతు నాకు దొడ్డిలోకి వినపడింది.

"మూడో నంబరూ, గుర్రాన్ని పట్టారా?"

హవల్దారు గారు కూడా అరిచారు. "గుర్రానికి వీపు చూపిస్తూ కూచున్నాడు. అలిగాడేమో తెలీటంలా."

నాలుగు పోస్టుల్లోనూ నవ్వులు.

మధ్యాహ్నం పేలుడు అయ్యాక శెట్టి గారు వచ్చారు. జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేలు వ్యాపారం. యాభై దాటిన మనిషి. పంచె మోకాళ్ళ పైకి కట్టి, గొడుగు వేసుకుని, చేతిలో బెల్లం పొట్లంతో బురదలో నడిచి వచ్చారు. గుర్రాన్ని ఇచ్చిన తర్వాత ఆయన రావడం అదే మొదటిసారి. దొడ్డి రాళ్ళ మీదుగా చూసి, కాలి గాయం దగ్గర చూపు ఆపారు.

"మీరు మిలటరీవాళ్ళు, జాగ్రత్తగా చూసుకుంటారని ఇచ్చానండీ," అన్నారు. హవల్దారు గారు చెవిటి చెవి అటు తిప్పుకున్నారు.

గుర్రప్పిల్ల మాత్రం ఆయన గొంతు వినగానే కుంటుకుంటూ వచ్చి పొట్లంలో మూతి పెట్టింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. మనుషులంటే దానికి పగ లేదు. శెట్టి గారి భుజం మీది కండువా తీసి మెల్లగా మెడ మీద వేయమన్నాను. వేయబోయారు. కండువా చివర మెలిపడి తాడులా వేలాడింది. అంతే, అది వెనక్కి ఎగిరి అవతలి మూలకి పోయింది. బెల్లానికి కూడా మళ్ళీ రాలేదు. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

మెట్టు మీద కూర్చుని ఆయన సంగతంతా చెప్పారు. ఆయన జట్కాకి కట్టే ఆడగుర్రం ఈ పిల్ల తల్లి. పిల్ల పుట్టిన నెలకే దాన్ని హైవే మీద లారీ గుద్దింది.

"బతకదన్నారండీ అందరూ. మా గేదె అప్పుడే ఈనింది. దాని దగ్గర వదిలిపెట్టా. గేదె ఏమనుకుందో ఏమో, తాగనిచ్చింది. మా ఆవిడ నవ్వి నవ్వి చచ్చిపోయిందనుకోండి. పెద్దయ్యాక బజార్న పడి కనపడ్డ ప్రతి కొట్లో మూతి పెట్టటం మొదలెట్టింది. జట్కాలు కూడా పోయే. మేజరు గారు అడిగితే, దగ్గరే గదా, ఆదివారం ఆదివారం చూసుకోవచ్చని ఇచ్చా."

"ఆ గేదె ఇంకా ఉందాండీ?" అన్నాను.

"ఎందుకుండదు? ఇప్పుడు పాలిస్తోంది గూడా."

"నాలుగు రోజులు ఇక్కడికి పంపించగలరా?"

ఆయన నావైపు వింతగా చూశారు. మా దళంలో కుర్ర కంచరగాడిదల మందకి ముందు ఒక ముసలి ఆడగుర్రాన్ని నడిపించేవాళ్ళం. అది భయపడని చోట అవి భయపడవు. అది తాడుతో నడిస్తే అవీ నడుస్తాయి. ఇక్కడ గుర్రం లేదు. ఉన్నది గేదె.

"మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ. పాలెవరు పితుకుతారు?"

"హవల్దారు గారు పితుకుతారు."

"ఎవరూ? నేనా?" అన్నారు హవల్దారు గారు. ఆ మాట మాత్రం ఆయనకి బాగానే వినపడింది.

సోమవారం పొద్దున శెట్టి గారు గేదెని స్వయంగా తోలుకొచ్చారు. దారిలో ఎరిగినవాళ్ళు చాలామంది అడిగారట, సిమెంటు ఫ్యాక్టరీకి గేదెలు ఎందుకని. దొడ్డి వాకిట్లోకి రాగానే గుర్రప్పిల్ల సకిలించింది. నేను అక్కడికి వెళ్ళాక దాని గొంతు వినడం అదే మొదలు. గేదె దాన్ని వాసన చూసి, ముక్కు చీది, నెమరు వేయడం మొదలుపెట్టింది. గేదె మెడకి పలుపు ఉంది. పలుపు చివర నేల మీద వదిలేసి నేను బకెట్టు దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

గుర్రప్పిల్ల తాడుని చూసింది. వెనక్కి పోయింది. గేదె అటు నడిచింది, తాడు దాని వెంట ఈడ్చుకుపోయింది. గేదెకి ఏమీ కాలేదు. కొంతసేపటికి పిల్ల ముందుకొచ్చి గేదె మెడ వాసన చూసింది, తర్వాత తాడు వాసన. ఆ సాయంత్రానికి తాడు దాటి నడవడం మొదలుపెట్టింది.

మంగళవారం గేదెని రుద్దాను. అదే చేత్తో పక్కనే ఉన్న పిల్లని రుద్దాను. మొదట మెడ, తర్వాత భుజం, తర్వాత వీపు. చేతిలో ముందు గుడ్డ, తర్వాత మడత పెట్టిన నవారు. అది కాలు ఎత్తినప్పుడల్లా ఆగాను. అది నిలబడినప్పుడల్లా నేనే వెనక్కి తగ్గాను. దగ్గరికి పోవడం ఎవరికైనా వచ్చు. నిలబడ్డందుకు బహుమానంగా వెళ్ళిపోవడం నేర్చుకోవాలి. దళంలో శిక్షణ ఇచ్చిన మా ఉస్తాదుకి దీన్ని నాకు నేర్పడానికి ఆర్నెల్లు పట్టింది.

బుధవారం హాల్టర్ కుట్టాను. కొబ్బరి తాడు గరుకు, జనపనార కోస్తుంది. మెత్తని నూలు నవారు కావాలి. హవల్దారు గారి మంచం నుంచి విప్పాను. ఆయన చాప మీద పడుకున్నారు. దబ్బనంతో కుడుతుంటే ఫోను మోగింది. రెండో నంబరు వాడు.

"హవల్దార్ సాబ్, పాలు ఎన్ని లీటర్లిచ్చిందండీ?"

"నోర్మూసుకుని డ్యూటీ చెయ్యి."

ఆ రోజు సైరను మోగినప్పుడు నేను రెండింటి మధ్యా ఉన్నాను. బయటపడే వీల్లేదు. పేలుడుకి నేల అదిరింది. గేదె చెవి ఒకటి ఆడించింది, అంతే. గుర్రప్పిల్ల వణుకుతూ గేదె వైపు జరిగింది. మధ్యలో ఉన్న నన్ను అలాగే అదిమిపెట్టి నిలబడింది. దాని గుండె నా పక్కటెముకలకి కొట్టుకుంటోంది. నాకు కూడా భయమేసింది. కానీ అది నా నుంచి పారిపోలేదు, నావైపే వచ్చింది. అప్పుడు అనుకున్నాను, పని అవుతుందని.

గురువారం ముక్కు పట్టీని గుగ్గిళ్ళ గిన్నె మీద తెరిచి పట్టుకున్నాను. తినాలంటే మూతి అందులోంచి పోనివ్వాలి. నేను తొడగలేదు. దానంతట అదే పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. నాలుగోసారి చెవుల వెనక పట్టీ వేసి ముడి వేశాను. మెడ బిగించింది. వెంటనే విప్పేశాను. మళ్ళీ వేశాను. ఆ తర్వాత ఉంచేశాను.

తాడు కట్టాక ముందుకి లాగకూడదు. లాగితే ఏ గుర్రమైనా నాలుగు కాళ్ళూ బిగిస్తుంది. భుజం పక్కన నిలబడి, పక్కకి కొంచెం అడగాలి. ఒక్క కాలు కదిలిందా, ఆ క్షణంలోనే తాడు వదులు చేయాలి. బిగిస్తే అడిగినట్టు, వదిలితే సరేనన్నట్టు. వదలడం ఆలస్యమైతే పాఠం మొత్తం పోయినట్టే. మొదటి అడుగు అలా వేసింది. కుంటి కాలితోనే గేదె పక్కన దొడ్డి చుట్టూ తిరిగింది. హవల్దారు గారు తనూ పట్టుకుంటానన్నారు. పట్టుకోగానే పలుపు చుట్టినట్టు తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టారు.

"విప్పండి!" అని అరిచాను. "అది పరిగెత్తిందంటే చెయ్యి దాంతోనే పోద్ది. మడిచి పట్టుకోండి."

"నలభై ఏళ్ళ అలవాటయ్యా," అన్నారు ఆయన, విప్పుతూ.

శుక్రవారం పదకొండు గంటలకి డాక్టరు స్కూటరు మీద వచ్చాడు. మేజరు గారు జీపులో వచ్చారు. జీపు వెనక సీటు మీద తుపాకీ సంచి ఉంది. డాక్టరు బయటే ఆగాడు.

"పట్టుకున్నారా?"

"రండి," అన్నాను.

గేదె ఒక పక్క, నేను ఒక పక్క. తాడు మడిచి నా చేతిలో ఉంది. హవల్దారు గారు ఎర్రమందు కలిపిన నీళ్ళ గిన్నె పట్టుకున్నారు. ఆయన పిల్ల ముఖం వంకే చూస్తూ సగం నీళ్ళు నేలపాలు చేశారు. సూది మెడలో దిగినప్పుడు పిల్ల తల ఎత్తింది. తాడు బిగిసింది. నేను బిగించి ఉంచలేదు, దానితో పాటు చెయ్యి ఎత్తాను. అది ఆగింది. తల దించింది. డాక్టరు కాలు కడిగి, పురుగులు తీసి, మందు పూసి, కట్టు కట్టేదాకా మూడు కాళ్ళ మీద నిలబడింది. మేజరు గారు "గుడ్" అని జీపెక్కారు. ఆయన పొగడ్త అంతే ఉండేది. ఆ రోజు అన్ని పోస్టులకీ గేదె పాల టీ పంపించాం. నేను గది వెనక్కి వెళ్ళి కాసేపు ఒక్కణ్ణే కూర్చున్నాను. చాలా సంతోషంగా ఉంది.

వారం తర్వాత గేదె ఇంటికెళ్ళింది. పిల్ల ఒక పూట సకిలించి, తర్వాత నా వెంట తిరగడం మొదలుపెట్టింది. శీతాకాలం వచ్చేసరికి కాలు మానింది. చిన్న కుంటు మిగిలింది. గస్తీ గంటల్లో తాడు పట్టి సరిహద్దు వెంట నడిపించేవాణ్ణి. కంచె, గోతులు, నీళ్ళు, కుక్కలు, అన్నీ చూపించాను. లారీలంటే మొదట్లో గంగవెర్రులెత్తేది. దూరం నుంచి ఒకటి, దగ్గరి నుంచి ఒకటి, ఇంజను ఆపినది, ఇంజను ఆడుతున్నది, ఇలా నెలంతా పట్టింది. చివరికి హారన్ కొట్టినా ఆగి, నేను చెప్పేదాకా కదిలేది కాదు. హవల్దారు గారు దానికి అల్లుడని పేరు పెట్టారు. మర్యాదలు ఎక్కువ, పని తక్కువ అని. ఫోనులో పోస్టులవాళ్ళు అడిగేవాళ్ళు, "అల్లుడుగారు భోంచేశారా?" అని. శెట్టి గారు ప్రతి ఆదివారం వచ్చి, కాసేపు తాడు తానే పట్టుకుని నడిచేవారు. చెప్పులు చేతిలో పట్టుకుని, బురదైనా దుమ్మైనా. వ్యాపారం సంగతులు దానికి చెప్పేవారు.

మరుసటి ఎండాకాలం మేజరు గారు ఉద్యోగం మానుకుని వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు రెండు మోటారు సైకిళ్ళు తెప్పించాడు. జూన్ మొదటి వారంలో, పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"మూడో నంబరా? ఆ గుర్రాన్ని బండి లాగడానికి ఇసుక కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నాం. రేపు మనిషొస్తాడు. అప్పగించు."

లైను మీద అందరూ వింటున్నారు. హవల్దారు గారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"సార్, జగ్గయ్యపేట శెట్టి గారు తిరిగి తీసుకుంటారేమో అడుగుదాం సార్."

"మాటిచ్చేశాం. ఇక అడగొద్దు."

మేం కబురు పంపితే, ఆ సాయంత్రమే శెట్టి గారు ఆఫీసుకి వెళ్ళి అడిగారు. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, కుదరదని చెప్పి పంపారు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కాంట్రాక్టరు మనిషి మర్నాడు పొద్దున కోదాడ వైపు నుంచి వచ్చాడు. నడివయసు, తలకి తువ్వాలు. చెడ్డవాడిలా లేడు. దూరం నుంచే అడిగాడు.

"గిదేనా? కరుస్తదా?"

"కరవదు," అన్నాను.

"తంతదా?"

"తన్నదు."

"మరి నడుస్తదా? లారీ దొరకలే. నడిపిచ్చుకుంటనే పోవాలె."

"నువ్వెటు నడిస్తే అటే నడుస్తది," అన్నారు హవల్దారు గారు. తర్వాత నా పక్కకి వచ్చి మెల్లగా, "తాడంటే ఆ బెదురు అలాగే ఉండుంటే దీన్ని ఎవడూ తోలుకుపోలేకపోయేవాడు గదయ్యా," అన్నారు.

"అప్పుడు ఆ శుక్రవారమే మేజరు గారు తుపాకీతో పంపించేసేవారండి," అన్నాను.

హైవే దాకా నేనే నడిపించాను. ఒక పక్క ఆ మనిషి, ఒక పక్క శెట్టి గారు. తాడు ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు వదులు చేయాలో అతనికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. చిల్లకల్లు అడ్డరోడ్డులో శెట్టి గారు బెల్లం పొట్లం తీశారు. ఒక్క ముక్క పిల్లకి పెట్టి, మిగతాదంతా ఆ మనిషి జేబులో కుక్కారు.

"దారిలో పెట్టు నాయనా. ఒకేసారి పెట్టమాక."

తాడు అతని చేతికి ఇచ్చాను. అతను అడుగు వేశాడు. తాడు కొంచెం బిగిసింది. ఒక్క క్షణం గుర్రప్పిల్ల కాళ్ళు బిగిస్తుందేమోనని చూశాను. బిగిస్తే బావుండునని గట్టిగా కోరుకున్నాను. అది అడుగేసింది. తాడు వదులైంది. ఇద్దరూ కోదాడ వైపు రోడ్డు అంచున నడిచారు.

"ఒక్కసారి కూడా వెనక్కి చూళ్ళేదేంటండీ?" అన్నారు శెట్టి గారు.

"తాడు పట్టుకున్నవాళ్ళ వెంట నడవమనే నేర్పానండీ."

ఆయన తలూపారు. "బాగా నేర్పారు," అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అందుకే తట్టుకోవడం కష్టమైంది.

నేను ఆ ఆగస్టు దాకా పనిచేసి మానేశాను. అదే అడ్డరోడ్డులో నందిగామ బస్సెక్కాను. అదే పెట్టె, అదే పరుపు. హవల్దారు గారు నన్ను సాగనంపడానికి వచ్చి, పోయేటప్పుడు సెల్యూట్ చేశారు. నాకంటే పై హోదా మనిషి, నేను చేయకముందే చేశారు. ఇంటికి వెళ్ళాక అన్నయ్య పొలంలో సగం పని నేను ఎత్తుకున్నాను. వదిన సంతోషించింది. కొండల్లో చూసినవి చాలావరకు మర్చిపోయాను. పేర్లు కూడా గుర్తు లేవు.

మరిచిపోలేనిది ఒకటుంది. శెట్టి గారికి అది నేను చెప్పలేదు. గుర్రప్పిల్లని అప్పగించిన రోజు, ఆయన అప్పటికే జగ్గయ్యపేట వైపు తిరిగి నడక మొదలుపెట్టారు. నేను ఇంకా రోడ్డు మీదే ఉన్నాను. వాళ్ళు ఫర్లాంగు దూరం వెళ్ళారు. ఎదురుగా వస్తున్న లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ బాగా పక్కకి కోసుకొచ్చింది. ఆ మనిషి హడలిపోయి, తాడు వదిలేసి, రోడ్డు దిగి చేలోకి దూకాడు. లారీ పోయింది. దుమ్ము తేలింది. గుర్రప్పిల్లని పట్టుకున్నవాడు లేడు. ఇటు వైపు దారంతా ఖాళీగా ఉంది, ఆ దారి చివర నేను నిలబడి ఉన్నాను. అది ఉన్నచోటే, తాడు నేల మీద పడి ఉండగా, చేలోకి చూస్తూ నిలబడింది. అతను తువ్వాలు దులుపుకుని, గట్టెక్కి వచ్చి, తాడు మళ్ళీ చేతిలోకి తీసుకునేదాకా కదల్లేదు.